యుద్ధ విమాన సిమ్యులేటర్‌లో విమానాల పనితీరును సరిచూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సిమ్యులేటర్‌లోని విమానం అసలుదానిలాగే ఎగురుతోందో లేదో దేనితో పోల్చి చెప్పాలి?

గరిష్ఠ వేగం ఇంత అని చెప్పే ఒంటరి అంకెతో పోల్చి చెప్పలేము. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ విమానం పీ-51డీ మస్టాంగ్ వేగం గంటకు 437 మైళ్లు అని చాలా చోట్ల రాసి ఉంటుంది. అది సుమారు 25,000 అడుగుల ఎత్తులో వచ్చే వేగం. సముద్రమట్టం దగ్గర ఎగురుతూ ఆ వేగం రాలేదని విమానాన్ని తప్పుపట్టేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఏ ఎత్తులో, ఎంత బరువుతో, ఇంజిన్‌ను ఏ స్థాయిలో నడుపుతూ, ఎలాంటి గాలిలో ఆ అంకె వచ్చిందో తెలిస్తేనే దానిని కొలబద్దగా వాడుకోగలం.

అందుకే వేగాన్ని ఎత్తుతో పాటు గీసిన గ్రాఫ్‌గా చూడాలి. గ్రాఫ్‌లోని శిఖరం సరిపోయి మిగతా ఆకారం తేడాగా ఉన్న విమానం కన్నా, ఆకారమంతా సరిపోయి మొత్తంగా ఒక శాతం కిందికి జరిగిన విమానమే అసలుకు దగ్గరగా ఉన్నట్టు. పోరాటాలు ఎక్కువగా జరిగేది శిఖరం దగ్గర కాదు కదా.

పాత పత్రాలలో వేటిని నమ్మాలి?

మొదటి స్థానం విమానాన్ని నిజంగా ఎగరవేసి కొలిచిన పరీక్షా నివేదికలది. బ్రిటన్‌లో బోస్కోంబ్ డౌన్, అమెరికాలో రైట్ ఫీల్డ్, జర్మనీలో రెష్లీన్, సోవియట్ యూనియన్‌లో వాయుసేన పరిశోధనా సంస్థ అయిన ఎన్‌ఐఐ వీవీఎస్ ఇలాంటి పరీక్షలు చేశాయి. మంచి నివేదికలో విమానం బరువు, ఇంజిన్ రకం, బూస్ట్ (ఇంజిన్‌లోకి నొక్కి పంపే గాలి పీడనం), నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు, రేడియేటర్ మూత ఉన్న స్థితి, బయట తగిలించిన సామగ్రి, కొలతలను ప్రామాణిక వాతావరణానికి సరిదిద్దారా లేదా అన్న సంగతి ఉంటాయి. వీటిలో సగం లేని నివేదికను సాక్ష్యంగా పెట్టుకోవచ్చు కానీ తీర్పుగా పెట్టుకోకూడదు.

ఆ తరువాతివి పైలట్లకు ఇచ్చిన అధికారిక చేపుస్తకాలు. ఇంజిన్ పరిమితులు, ఆరోహణకు తగిన వేగం, స్టాల్ వేగం (ఇంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) వంటివాటికి అవి చాలా మంచివి. తయారీదారు లెక్కగట్టిన అంచనాలను మాత్రం వేరుగా ఉంచాలి. విమానం గాలిలోకి లేవకముందే గీసిన గ్రాఫ్ కూడా అచ్చు పరీక్షా ఫలితంలాగే కనిపిస్తుంది కనుక, అది కొలిచిందా లెక్కించిందా అని పత్రంలోనే వెతికి చూసుకోవాలి.

జనాదరణ పొందిన విమాన పుస్తకాల చివర ఉండే పట్టికలను పరీక్షకు వాడకపోవడమే మేలు.

శత్రువు చేతికి చిక్కిన విమానాల పరీక్షలు పనికివస్తాయా?

పనికివస్తాయి, కానీ జాగ్రత్తగా చదవాలి. 1942 జూన్ 23న జర్మన్ పైలట్ ఆర్మిన్ ఫాబర్ దారితప్పి తన ఫోకెవూల్ఫ్ 190 ఏ-3ని వేల్స్‌లోని పెంబ్రీ స్థావరంలో దింపడంతో బ్రిటిష్ వారికి చెక్కుచెదరని విమానం దొరికింది. అదే నెలలో అల్యూషియన్ దీవులలోని అకుటాన్‌లో కూలిన జపాన్ జీరో విమానాన్ని అమెరికన్లు బాగుచేసి, ఆ ఏడు సెప్టెంబరులో శాన్ డియేగోలో ఎగరవేశారు. ఎక్కువ వేగంలో జీరో ఐలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్కల అంచు పలకలు) బిగుసుకుపోతాయనీ, ముక్కును ఒక్కసారిగా కిందికి నెట్టి ఋణాత్మక జీ (మామూలు గురుత్వానికి వ్యతిరేక దిశలో లాగే బలం) కలిగిస్తే ఇంజిన్ తడబడుతుందనీ ఆ పరీక్షలు బయటపెట్టాయి. ఇలాంటి గుణాల విషయంలో ఈ నివేదికలు అమూల్యమైనవి.

గరిష్ఠ వేగం, ఆరోహణ రేటు వంటి అంకెల దగ్గరే చిక్కు వస్తుంది. పరాయి ఇంధనం, అలవాటు లేని మెకానిక్‌లు, విడిభాగాల కొరత, పైలట్ దాచుకున్న భయం అన్నీ కలిసి అంకెను సాధారణంగా కిందికే లాగుతాయి. స్వదేశపు పరీక్ష దొరికినప్పుడు దానికే ప్రాధాన్యం ఇచ్చి, పరాయి పరీక్షను పక్కపక్కన ఎగరవేసిన రెండు విమానాల పోలికకు వాడుకోవాలి.

ఇంజిన్ బూస్ట్‌ను ఒక్కో దేశం ఒక్కోలా రాసింది. ఎలా పోల్చాలి?

బ్రిటిష్ వారు సాధారణ వాతావరణ పీడనానికి పైన చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అన్నది రాస్తారు. అమెరికన్లు మొత్తం పీడనాన్ని పాదరసపు అంగుళాలలో, సోవియట్లు మిల్లీమీటర్లలో, జర్మన్లు ఆటాలలో రాస్తారు. ఒక ఆటా అంటే 735.6 మిల్లీమీటర్ల పాదరసం, అంటే దాదాపు 29 అంగుళాలు. ఈ లెక్కన బ్రిటిష్ వారి +18 పౌండ్లు, మస్టాంగ్ చేపుస్తకంలోని 67 అంగుళాలు ఇంచుమించు ఒకటే, జర్మన్ల 1.42 ఆటాలు 41 అంగుళాలే అవుతాయి. దీన్ని చూసి జర్మన్ ఇంజిన్ బలహీనమనుకోవడం పొరపాటు. స్పిట్‌ఫైర్, మస్టాంగ్‌లలో వాడిన మెర్లిన్ ఇంజిన్ సిలిండర్ల పరిమాణం 27 లీటర్లు కాగా జర్మన్ డీబీ 605 ఇంజిన్‌ది 35.7 లీటర్లు. బూస్ట్ అంకెలను ఒకే ఇంజిన్‌లోని రెండు స్థాయిల మధ్య మాత్రమే పోల్చాలి.

బూస్ట్‌తో పాటు కాలాన్ని కూడా చూసుకోవాలి. మెర్లిన్ 3 ఇంజిన్‌ను మొదట +6¼ పౌండ్ల వద్ద నడిపేవారు; 1940లో 100 ఆక్టేన్ ఇంధనం వచ్చాక అత్యవసర సమయంలో +12 పౌండ్లు అనుమతించారు. దానితో తక్కువ ఎత్తులలో బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ వేగం గంటకు సుమారు 25 మైళ్లు పెరిగింది. జర్మన్ మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109 జీ-6లో డీబీ 605ఏ ఇంజిన్‌కు 1.42 ఆటాలు నిర్ణయించినా, ఇంజిన్ సమస్యల వల్ల కొంతకాలం 1.30 ఆటాలకే పరిమితం చేశారు. రెండు పత్రాలూ నిజమైనవే, రెండు వేగాలూ నిజమైనవే. సిమ్యులేటర్‌లో మీ ముందున్న విమానం ఏ నెలలోని ఏ అమరికతో ఉందో తెలుసుకోకుండా వాదన మొదలుపెడితే అది ఎన్నటికీ తెగదు.

కాక్‌పిట్ మీటరులోని వేగం పత్రంలోని వేగంతో ఎందుకు కలవదు?

మీటరు చూపేది సూచిత వేగం, అంటే ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వచ్చే అంకె. నివేదికలు గరిష్ఠ వేగాన్ని దాదాపు ఎప్పుడూ నిజ వేగంలో, అంటే గాలిలో విమానం అసలు కదిలే వేగంలో ఇస్తాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది కనుక మీటరు నిజ వేగం కన్నా తక్కువ చూపుతుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 6,000 మీటర్ల ఎత్తులో మీటరు 450 కిలోమీటర్లు చూపుతోందనుకోండి. ప్రామాణిక వాతావరణంలో అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు 54 శాతం. సాంద్రతను మాత్రమే లెక్కలోకి తీసుకొని, ఆ నిష్పత్తి వర్గమూలంతో భాగిస్తే 613 కిలోమీటర్లు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ వేగం పెరిగినప్పుడు, వేగాన్ని కొలవడానికి విమానం మీద అమర్చిన గొట్టం ముందు గాలి నొక్కుకుపోయి మీటరు కొంత ఎక్కువ చూపుతుంది. దానిని కూడా సరిదిద్దితే నిజ వేగం 602 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. ఒక్క సవరణ మరిచిపోయినందుకు 11 కిలోమీటర్ల తేడా వచ్చింది. ఫ్లైట్ మోడల్ (విమానం ఎగిరే తీరును సిమ్యులేటర్ లెక్కించే నమూనా) తప్పుల మీద జరిగే వాదనలలో చాలావాటి పరిమాణం ఇంతే.

ఇది కాక, పీడనాన్ని కొలిచే రంధ్రం విమానం మీద ఉన్న చోటును బట్టి వచ్చే లోపం ఒకటి ఉంది. కొన్ని సిమ్యులేటర్లు దానిని కూడా అనుకరిస్తాయి, కొన్ని వదిలేస్తాయి. అందుకే మీటరును కాక, సిమ్యులేటర్ లోపలి నుంచి నిజ వేగాన్నే నమోదు చేసుకోవడం ఉత్తమం. మైలు, నాటికల్ మైలు ఒకటి కావని గుర్తుపెట్టుకోవాలి, మొదటిది 1.609 కిలోమీటర్లు, రెండవది 1.852.

వాతావరణాన్ని ఎలా అమర్చాలి?

సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్, 1013.25 హెక్టోపాస్కల్స్ పీడనం, గాలి వేగం సున్నా, కల్లోలం సున్నా. పాదరసంలో చెప్పాలంటే 760 మిల్లీమీటర్లు లేదా 29.92 అంగుళాలు. మిషన్‌లో వేసవి ఎంచుకొని ఉష్ణోగ్రతను 30 డిగ్రీల దగ్గర వదిలేస్తే నేల దగ్గర గాలి సాంద్రత సుమారు 5 శాతం తగ్గిపోతుంది. ఆరోహణ పరీక్ష అప్పుడే పాడైపోయినట్టు.

గరిష్ఠ వేగాన్ని కొలిచే పద్ధతి ఏమిటి?

పరీక్షించదలచిన ఎత్తుకు చేరి, ఎత్తు మారకుండా నిలబెట్టి, ఇంజిన్‌ను నివేదికలోని స్థాయికి తెచ్చి, వేగం పెరగడం పూర్తిగా ఆగేదాకా ఎదురుచూడాలి. వేగం తన చివరి హద్దును సమీపించేకొద్దీ పెరుగుదల బాగా మందగిస్తుంది కాబట్టి, చివరి 10 కిలోమీటర్ల కోసమే కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఓపిక లేనివారి కొలతలు ఎప్పుడూ తక్కువే వస్తాయి. కొంచెం పైనుంచి దిగి ఎక్కువ వేగంతో మొదలుపెట్టి, వేగం తగ్గుతూ ఎక్కడ ఆగుతుందో కూడా చూడండి. రెండు వైపుల నుంచీ వచ్చిన అంకెలు కలిసిన చోటే అసలు వేగం ఉంటుంది.

ఈ సమయంలో విమానం పక్కకు జారకుండా, జారుడును చూపే మీటరులోని బంతిని మధ్యలో ఉంచాలి. రేడియేటర్ మూత నివేదికలో ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో ఉండాలి. స్వయంచాలక వ్యవస్థకు వదిలేస్తే అది మధ్యలో తెరుచుకొని గాలి నిరోధాన్ని పెంచేయవచ్చు. ఇంజిన్ వేడెక్కకుండా ఉండే ఐచ్ఛికాన్ని ఎంచుకోవడం పరీక్షకు అనుకూలమే కానీ, దానితో మూత స్థితి కూడా మారుతుందేమో ముందుగా చూసుకోవాలి.

ఇలా సముద్రమట్టం నుంచి మొదలుపెట్టి ప్రతి 1,000 మీటర్లకు ఒక కొలత తీసుకోండి. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం) గేర్ మారే ఎత్తుల దగ్గర ఇంకా దగ్గర దగ్గరగా తీసుకోండి.

గ్రాఫ్ ఆకారం తేడాగా ఉంటే తప్పు ఎక్కడుందో చెప్పగలమా?

చాలాసార్లు చెప్పగలం. ఈ పని మొత్తంలో ఆసక్తి కలిగించే భాగం కూడా ఇదే.

అన్ని ఎత్తులలోనూ వేగం ఇంచుమించు ఒకే శాతం తక్కువగా ఉంటే గాలి నిరోధాన్ని ఎక్కువగా పెట్టారని అనుమానించాలి. ఒక ఎత్తు దాకా సరిగ్గా ఉండి ఆపైన మాత్రమే పడిపోతుంటే తప్పు సూపర్‌చార్జర్‌లో, అంటే పూర్తి బూస్ట్ నిలిచే గరిష్ఠ ఎత్తును నిర్ణయించడంలో ఉంది. వేగాలన్నీ సరిగ్గా ఉండి ఆరోహణ మాత్రమే తప్పితే, తక్కువ వేగంలో ప్రొపెల్లర్ సామర్థ్యాన్నో, బరువునో, లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే రెక్కల బలం) వల్ల పుట్టే నిరోధాన్నో చూడాలి. పీ-47 థండర్‌బోల్ట్‌కు వెడల్పాటి రెక్కల ప్రొపెల్లర్ బిగించినప్పుడు ఆరోహణ స్పష్టంగా మెరుగుపడింది కనుక, ఏ ప్రొపెల్లర్‌తో చేసిన పరీక్షో తెలియకుండా ఆ విమానం ఆరోహణ గురించి మాట్లాడడం వృథా.

రెండు వేగాల సూపర్‌చార్జర్ ఉన్న మెర్లిన్ విమానాల గ్రాఫ్ రంపపు పళ్లలా పైకీ కిందికీ వెళ్తుంది. డీబీ 605లో సూపర్‌చార్జర్‌ను ద్రవంతో నడిచే కప్లింగ్ తిప్పుతుంది. ఎత్తును బట్టి దాని వేగం క్రమంగా మారుతుంది కనుక ఆ గ్రాఫ్ నున్నగా ఉంటుంది. మెసర్‌ష్మిట్ గ్రాఫ్‌లో పదునైన గేరు మార్పు కనిపిస్తే, శిఖరపు అంకె ఎంత చక్కగా కుదిరినా లోపల మరొక ఇంజిన్ నమూనాను అరువు తెచ్చుకున్నారని అర్థం.

ఇంకొక చిన్న పరీక్ష ఉంది. వేగంగా సమతలంగా ఎగిరేటప్పుడు ఎదురుగాలి ఒత్తిడి ఇంజిన్‌కు సాయపడుతుంది. అందువల్ల పూర్తి బూస్ట్ నిలిచే ఎత్తు ఆరోహణలో కన్నా సమతల ప్రయాణంలో ఎక్కువగా ఉండాలి. సిమ్యులేటర్‌లో రెండూ ఒకటే అయితే ఆ ప్రభావాన్ని విస్మరించారన్నమాట.

ఆరోహణ పరీక్షలో నాకు పత్రంలో కన్నా మంచి అంకెలు వస్తున్నాయి. ఎందుకు?

బహుశా వేగాన్ని ఎత్తుగా మార్చుకుంటున్నారు. గంటకు 540 కిలోమీటర్ల నిజ వేగంతో ఆరోహణ మొదలుపెట్టి 270 దగ్గర స్థిరపడితే, ఇంజిన్‌తో నిమిత్తం లేకుండానే దాదాపు 860 మీటర్ల ఎత్తు ఉచితంగా వస్తుంది. నేల నుంచి 5,000 మీటర్లకు పట్టిన కాలాన్ని అది ఘోరంగా తారుమారు చేస్తుంది. ముందుగా ఆరోహణ వేగంలో స్థిరపడి, కొన్ని వందల మీటర్లు ఎక్కాకే గడియారం మొదలుపెట్టాలి. సూచిత వేగాన్ని నివేదికలో చెప్పిన విధంగానే పాటించాలి.

ఇంధనం ఎంత నింపాలి?

నివేదికలోని బరువు రావడానికి ఎంత కావాలో అంత. అలవాటు కొద్దీ 25 శాతం నింపి పరీక్షించడం చాలా సాధారణమైన లోపం. పీ-51డీ అంతర్గత ట్యాంకులలో 269 అమెరికన్ గ్యాలన్లు పడతాయి. అది సుమారు 730 కిలోల బరువు. పావు ట్యాంకుతో ఎగిరితే దాదాపు 550 కిలోలు, అంటే నిండు బరువులో ఇంచుమించు 12 శాతం తగ్గిపోతుంది. గరిష్ఠ వేగం మీద దీని ప్రభావం స్వల్పమే కానీ, ఆరోహణ, మలుపు పూర్తిగా మారిపోతాయి. పైగా ఆ విమానంలో పైలట్ వెనుక ఉన్న 85 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి నిలకడ తగ్గుతుంది. నిండు ట్యాంకుతో కూడా ఆ మార్పు తెలియకపోతే అది కూడా నమోదు చేయదగిన విషయమే.

పరీక్ష జరుగుతుండగా బరువు మారకూడదనుకుంటే, తరగని ఇంధనం అనే ఐచ్ఛికాన్ని వాడవచ్చు.

మలుపు తిరిగే శక్తిని ఎలా కొలవాలి?

ముందు రెండు విషయాలను విడదీసుకోవాలి. వేగాన్ని పోగొట్టుకుంటూ ఒక్క క్షణం తిరగగలిగే మలుపు వేరు. వేగం, ఎత్తు రెండూ తగ్గకుండా ఎంతసేపైనా నిలబెట్టగలిగే మలుపు వేరు. సోవియట్ నివేదికలు రెండవదాన్ని 1,000 మీటర్ల ఎత్తులో పూర్తి చుట్టుకు పట్టే సెకన్లలో ఇచ్చాయి కనుక పరీక్షకు చాలా అనువుగా ఉంటాయి.

మీ కొలత భౌతికశాస్త్రానికి లొంగి ఉందో లేదో సరిచూసుకునే దారి కూడా ఉంది. సెకనుకు 100 మీటర్ల నిజ వేగంతో, 3 జీలతో (గురుత్వానికి మూడు రెట్ల బలంతో), ఎత్తు మారకుండా తిరిగే ఏ విమానమైనా సుమారు 360 మీటర్ల వ్యాసార్ధంతో, 22.7 సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అది స్పిట్‌ఫైర్ అయినా, బాంబర్ అయినా ఒకటే. మీ నమోదులో వేగం, జీ, కాలం ఈ సంబంధానికి కుదరకపోతే విమానం ఎత్తు కోల్పోతోందనో, కొలత తప్పిందనో అర్థం. ఎత్తు ఒక చుట్టులో 50 మీటర్లు జారినా ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది, కాబట్టి ఒకే చుట్టుతో సరిపెట్టుకోకుండా వరుసగా చాలా చుట్లు తిరిగి సగటు తీసుకోవాలి.

రోల్ రేటును, అంటే విమానం పక్కకు దొర్లే వేగాన్ని, ఎలా పోల్చాలి?

అమెరికన్ విమానయాన పరిశోధనా సంస్థ ఎన్‌ఏసీఏ ప్రచురించిన పోలిక గ్రాఫ్ 10,000 అడుగుల ఎత్తులో, పైలట్ కర్ర మీద 50 పౌండ్ల బలం ప్రయోగించినప్పటిది. మీ బల్ల మీది జాయ్‌స్టిక్‌కు ఆ బలం సంగతి తెలియదు. సిమ్యులేటర్ ఊహించుకున్న పైలట్ ఎంత బలవంతుడో తెలియకుండా ఎక్కువ వేగాల దగ్గర అంకెలను పోల్చకండి; తక్కువ వేగాల దగ్గర ఐలరాన్లు పూర్తిగా కదులుతాయి కనుక అక్కడి పోలిక నమ్మదగినది.

ఎంత తేడా ఉంటే తప్పు అనాలి?

ఒకే కర్మాగారం నుంచి వచ్చిన రెండు విమానాలే కొన్ని శాతాల తేడాతో ఎగిరేవి. ఉపరితలం నునుపు, కీళ్ల దగ్గర సందులు, రంగు, ఇంజిన్ వయసు, ఇవన్నీ వేగాన్ని ప్రభావితం చేస్తాయి. అందువల్ల గరిష్ఠ వేగంలో 1 లేదా 2 శాతం తేడాను నేను పట్టించుకోను. 3 శాతం దాటితే కారణం వెతుకుతాను. ఆరోహణ విషయంలో అంతకన్నా ఉదారంగా ఉండాలి, ఎందుకంటే అది ఇంజిన్ శక్తిలో ఎగరడానికి పోను మిగిలిన భాగం మీద ఆధారపడుతుంది. చిన్న తేడా కూడా అక్కడ పెద్దదై కనిపిస్తుంది.

వేగంలో కొద్దిపాటి శాతం కూడా తేలికైనది కాదని మరిచిపోకూడదు. కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 600 కిలోమీటర్ల వేగాన్ని 612 చేయాలంటే ఇంజిన్ సుమారు 6 శాతం ఎక్కువ శక్తి ఇవ్వాలి.

ఆన్‌లైన్ పోరాటంలో ఎప్పుడూ ఆ విమానం చేతిలోనే ఓడిపోతున్నాను. అది సాక్ష్యం కాదా?

కాదు. ఎదుటివాడి బరువు, ఇంధనం, తొలి ఎత్తు, నైపుణ్యం మీకు తెలియవు. తాను నడిపే విమానం మరీ వేగంగా ఉందని ఫిర్యాదు చేసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి పరీక్షను మీకు ఇష్టమైన విమానంతో కూడా, అదే కఠినత్వంతో చేయండి.

పైలట్ల జ్ఞాపకాల మాటేమిటి?

అవి విమానం స్వభావాన్ని చెబుతాయి, అంకెలను చెప్పలేవు.

ఆధునిక జెట్ విమానాలకు ఇదే పద్ధతి వర్తిస్తుందా?

సూత్రం అదే కానీ సాధనం మారుతుంది. 1960లలో అమెరికన్ వైమానిక దళ అధికారి జాన్ బోయ్డ్, గణిత శాస్త్రజ్ఞుడు థామస్ క్రిస్టీ రూపొందించిన శక్తి-చలన సిద్ధాంతం తరువాత, జెట్ యుద్ధ విమానాల పనితీరును మ్యాక్ సంఖ్యకు (ధ్వని వేగంతో పోల్చి చెప్పే వేగానికి) ఎదురుగా మలుపు రేటు గీసిన పటాలలో చూపడం ఆనవాయితీ అయింది. ఏ వేగంలో ఎన్ని జీలు లాగితే విమానం శక్తిని నిలబెట్టుకుంటుందో, ఎంత పోగొట్టుకుంటుందో ఆ పటం చెబుతుంది. రెక్కల కింద తగిలించిన క్షిపణులు, ట్యాంకుల వల్ల వచ్చే అదనపు నిరోధాన్ని ఒక సూచికగా ఇస్తారు. దానిని సరిపోల్చకుండా వట్టి విమానంతో చేసిన పరీక్షకు విలువ లేదు.

అధికారికంగా బహిర్గతం చేసిన పత్రాలనే వాడాలి. రహస్య పత్రాలనో, ఎగుమతి నియంత్రణ కిందికి వచ్చే చేపుస్తకాలనో సాక్ష్యంగా పంచుకోవడం చట్టరీత్యా నేరం కావచ్చు. బాధ్యత గల తయారీదారులు వాటిని స్వీకరించరు కూడా.

నమోదుకు ఏ పరికరం వాడాలి?

ట్యాక్‌వ్యూ వంటి ప్రయాణ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఎత్తు, వేగం, స్థానాలను కాలంతో పాటు నమోదు చేస్తుంది. డీసీఎస్ వంటి సిమ్యులేటర్లలో చిన్న స్క్రిప్టుతో కూడా అంకెలను ఫైలులోకి రాయించుకోవచ్చు. తెర మీద చూస్తూ కాగితం మీద రాసుకున్న అంకెల కన్నా ఇవి ఎంతో నమ్మదగినవి.

తప్పు ఖాయమని తేలింది. తయారీదారుకు ఎలా తెలియజేయాలి?

ఒక నివేదికలో ఒకే విషయం ఉండాలి. సిమ్యులేటర్ సంచిక (వెర్షన్), విమానం ఉపరకం, బరువు, ఇంధనం, ఉష్ణోగ్రత, బూస్ట్, చుట్లు, రేడియేటర్ స్థితి రాసి, మీ నమోదు ఫైలును జతచేయండి. ఆధార పత్రం నుంచి కత్తిరించిన ముక్కను కాక పేజీ మొత్తాన్ని పంపండి. బరువు, సవరణల వివరాలు తరచుగా ఆ పేజీ అడుగున చిన్న అక్షరాలలో ఉంటాయి. రెండు గ్రాఫ్‌లనూ ఒకే కొలమానంలో, ఒకదానిపై ఒకటి గీసి చూపండి. కారణం ఫలానా అని మీకు అనిపిస్తే దానిని వేరే పేరాలో, ఊహగానే రాయండి. కొత్త సంచిక వచ్చినప్పుడు ఇవే షరతులతో పరీక్షను మళ్లీ చేసి, మార్పు లేకపోతే పాత నివేదిక కిందే ఆ సంగతి చేర్చండి.